గాలి దూరే సందు

మా తాండా కర్నూలు జిల్లాలో పత్తికొండకూ తుగ్గలికీ నడుమ ఉంటుంది. తారురోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి రావాలి. వాన పడితే నల్లరేగడి కాళ్లకు చుట్టుకుంటుంది, ఎండ కాస్తే దుమ్ము కళ్లలో పడుతుంది. అరవై గడపల తాండాకు నాలుగు చక్రాల బండి ఒక్కటే ఉంది. అది పాత మారుతి ఓమ్నీ వ్యాను. ఆరిళ్లవాళ్లం గుంటూరు వైపు మిరపకోత సుగ్గికి పోయి, తెచ్చుకున్న కూలిలోంచి తలా ఇంత వేసి కొన్నాము. టమోటా గంపలు పత్తికొండ మార్కెట్టుకు పోవాలన్నా, పిల్లలు పదో తరగతి పరీక్షకు పోవాలన్నా, ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్ పోవాలన్నా అదే దిక్కు. 108 అంబులెన్సు 2005 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది, మేలు. అయితే వాన రాత్రి అది తారురోడ్డు మీదనే ఆగుతుంది. అక్కడి దాకా మనిషిని చేర్చేది మా వ్యానే.

ఒక ఎండాకాలం ఆ వ్యానుకు జబ్బు చేసింది. ఆ జబ్బును పట్టుకున్న తీరు మన పిల్లలకూ, వాళ్లకు చదువు చెప్పే సార్లకూ, మేడమ్‌లకూ పనికొస్తుందని దీన్ని రాస్తున్నాము.

జబ్బు విచిత్రంగా ఉండేది. రోడ్డు మీద పోతున్నంతసేపు బండి బాగానే ఉండేది. రైల్వే గేటు దగ్గరో, సంతలోనో ఆగితే మాత్రం ఇంజను తూగేది. ఒకసారి గుర్రుమని లేచేది, మరుక్షణం కునికేది, ఆ తర్వాత ఆగిపోయేది. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే పని అయిపోయినట్లే. పొద్దున్నే స్టార్టు చేస్తుంటే కార్బురేటరులోంచి టప్పుమని వెనక్కి పేలేది.

పట్నంలో ఒక షెడ్డుకు తోలుకుపోయాము. ప్లగ్గులు మార్చారు. వారానికి మళ్లీ అదే. ఇంకో షెడ్డులో కాయిల్ మార్చారు, కార్బురేటరు కిట్టు వేశారు. మూడు దఫాలకు కలిపి ఆరు వేల ఐదు వందలు అయింది. చివరికి అక్కడి మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "పాత బండప్పా ఇది. ఇంజను అయిపోయింది. బోరన్నా కొట్టించుకోండి, తూకానికన్నా అమ్ముకోండి" అన్నాడు. బోరు కొట్టించాలంటే మళ్లీ ఒక సుగ్గి పోవాలి.

అంతలో ఒక రాత్రి మా తాండాలో ఒక ఆడబిడ్డకు తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. వ్యానులో ఎక్కించాము. ఆ రెండు మైళ్ల మట్టిదారిలో, గుంత వచ్చి వేగం తగ్గిన ప్రతి చోటా బండి ఆగింది. మూడుసార్లు దిగి తోశాము. లోపల ఆ బిడ్డ "యాడీ, యాడీ" అని తల్లిని పిలుస్తుంటే, బయట మేము బురదలో భుజాలు ఆనించి తోస్తున్నాము. ఆస్పత్రి చేరాము. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆ రాత్రి తర్వాత తాండా రెండు మాటల మీద నిలిచింది. నమ్మరాని బండిని అమ్మేద్దామని సగంమంది, అమ్మితే ఈ మాత్రం కూడా ఉండదని సగంమంది.

వేపచెట్టు కింద నాయక్ ముందర ఈ మాట నడుస్తుంటే మాలో పెద్దవాళ్లు లదేణి సంగతి ఎత్తారు. సుగాలీలమైన మేము ఒకప్పుడు ఎద్దుల మీద మోసేవాళ్లం. ఉప్పు, ధాన్యం గోనెల్లో నింపి వందల ఎద్దులను తోలుకుంటూ దక్కను అంతా తిరిగిన జాతి మాది. సైన్యాలకు కూడా తిండిగింజలు చేరవేసింది మా బిడారులే. 1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా పోయే రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. రైలు వచ్చాక ఎద్దు మీది మోతకు గిరాకీ పోయింది. అదే 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం కూడా తెచ్చారు. ముందు ఉత్తరాదిన అమలైన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. తిరిగి బతికే జాతుల తిరుగుడునే అది అనుమానంగా చూసింది. 1952లో దాన్ని రద్దు చేశారు. ఇన్ని జరిగాక మళ్లీ మన చేతికి వచ్చిన మోతబండి ఇది, దీన్ని తెలియక పోగొట్టుకోవద్దని పెద్దల మాట.

అప్పుడు లేచాడు మా కుర్రాడొకడు. పదో తరగతి సైన్సులో తప్పి, డోన్‌లో ఒక షెడ్డులో నాలుగేళ్లు హెల్పరుగా చేసి వచ్చాడు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

"కాకా, అమ్మే మాట రేపు చూసుకుందాం. నాకు ఒక్క దినం ఇయ్యండి" అన్నాడు.

"నీకాడ ఏమి సామానుందిరా?" అన్నాడు నాయక్.

"పానాలున్నాయి. ఒక సబ్బుబిళ్ల, గజం రబ్బరు పైపు ఇప్పించండి, చాలు."

అతను ముందు పానా పట్టలేదు. అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడు ఆగుతోంది? వేగంలోనా, నిలిపినప్పుడా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకనా? ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గిందా? అన్నీ విని, "బోరు పోయి ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు తెలుస్తాది. ఇది నిలిపితేనే చస్తాంది, పోతాంటే బతుకుతాంది. అంటే గాలి యాడో దొంగతనంగా దూరుతాంది" అన్నాడు.

ఆ మాట మాకు అర్థమయ్యేలా అతను విడమరిచి చెప్పాడు. దాన్ని మా మాటల్లో చెబుతాము.

పెట్రోలు ఒక్కటే కాలదు, గాలి కావాలి. కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి పడుతుంది. లెక్క కడితే ఒక్క లీటరు పెట్రోలు కాలడానికి తొమ్మిది, పది వేల లీటర్ల గాలి కావాలి. ఓమ్నీ ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. నిమిషానికి 900 చుట్లు తిరుగుతూ ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఒక్కో సిలిండరు 450 సార్లు గాలి పీలుస్తుంది. మూడూ కలిపి 1,350 గుటకలు. ఆ గాలి ఫిల్టరులోంచి కార్బురేటరుకు వచ్చి, అక్కడ తగినంత పెట్రోలు కలుపుకొని, మేనిఫోల్డు అనే అల్యూమినియం గొట్టాల్లో చీలి సిలిండర్లకు పోతుంది. మేనిఫోల్డుకూ ఇంజనుకూ నడుమ పలచని ప్యాకింగు ఉంటుంది, గ్యాస్కెట్ అని కూడా అంటారు. ఏళ్ల తరబడి వేడికి, చలికి, అదురుకు అది గట్టిపడి పెళుసెక్కుతుంది. ఒక మూల చిట్లినా చాలు, అక్కడినుంచి బయటి గాలి లోపలికి పోతుంది. దానికి కార్బురేటరు లెక్క తెలియదు, కాబట్టి పెట్రోలు కలవదు. సిలిండరుకు చేరే మిశ్రమం పలచబడుతుంది.

నిలిపినప్పుడే ఎందుకు తెలుస్తుంది? మన చుట్టూ ఉన్న గాలి పీడనం 76 సెంటీమీటర్ల పాదరసంతో సమానం. యాక్సిలరేటరు వదిలేసి ఇంజను నిలబడి నడిచేటప్పుడు గాలిదారి దాదాపు మూసుకొని ఉంటుంది, లోపల పీడనం 25, 30 సెంటీమీటర్లకు పడిపోతుంది. అందుకే బయటి గాలి ఏ సందు దొరికినా బలంగా దూరుతుంది. ఆ సమయంలో ఇంజనుకు కావలసిన గాలి కూడా కొంచెమే, కాబట్టి దొంగగాలి వాటా ఎక్కువవుతుంది. వేగంగా పోయేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటుంది, లోపలికి గాలి వెల్లువలా వస్తుంది. అందులో ఈ సందు గాలి లెక్కలోకి రాదు.

తర్వాత అతను ప్లగ్గులు విప్పి, ఏది ఏ సిలిండరుదో తెలిసేలా బండరాయి మీద వరసగా పెట్టాడు. మొదటి రెండూ టీ రంగులో ఉన్నాయి. మూడోది సుద్దముక్కలా తెల్లగా ఉంది. "చూడండి కాకా, మూడోదానికి పెట్రోలు చాలక వేడెక్కుతాంది. ఇట్లే తోల్తే వాల్వు కాలిపోతాది" అన్నాడు. అంతకుముందు రెండు షెడ్లలోనూ ప్లగ్గులు విప్పారు, మార్చారు, పాతవి పారేశారు. వాటి రంగు చదివినవాళ్లు లేరు.

ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తి ఇంజను నడిపించాడు. రబ్బరు పైపు ఒక కొస చెవికి పెట్టుకొని, రెండో కొస మేనిఫోల్డు అతుకు వెంబడి బెల్టుకు తగలకుండా మెల్లగా జరుపుతూ పోయాడు. డాక్టరు గుండె విన్నట్టే. మూడో సిలిండరు దగ్గర ఆగాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి వినిపించాడు. పాము బుస కొట్టినట్టు సన్నని చప్పుడు. ఇన్నాళ్లూ ఇంజను మోతలో అది ఎవరి చెవికీ చేరలేదు.

చెవి మాట ఒక్కటే నమ్మకుండా, సబ్బునీళ్లు కలిపి అదే చోట కొద్దిగా చల్లాడు. కరెంటు తీగల మీద, డిస్ట్రిబ్యూటరు మీద పడకుండా చూసుకున్నాడు. నీళ్లు సందులోకి లాగబడి, ఇంజను రెండు క్షణాలు నిలకడగా నడిచి మళ్లీ తూగింది. మళ్లీ చల్లితే మళ్లీ అంతే. పక్క రెండు అతుకుల మీద చల్లితే ఏమీ మారలేదు. కొన్ని షెడ్లలో ఈ పరీక్షకు పెట్రోలే చల్లుతారు. వేడి ఇంజను మీద అది నిప్పుతో ఆట, మన పిల్లలు దాని జోలికి పోకూడదు.

బాగు చేసిన తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే సగం బండ్లు విప్పేటప్పుడే చెడిపోతాయి. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాడు. బ్యాటరీ నెగటివ్ తీగ తీశాడు. ఏ పైపు ఎక్కడిదో తెలిసేలా ఒక్కోదానికి అంకె రాసిన బట్టపేలిక కట్టాడు. మేనిఫోల్డు విప్పాక, సిలిండర్ల నోళ్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కాడు, చెత్త లోపల పడకూడదని. అతుక్కుపోయిన పాత ప్యాకింగును ఇనుప బ్లేడుతో గీకకుండా చెక్కపుల్లతో, ఓపికగా గంటసేపు తీశాడు. అల్యూమినియం మెత్తన, గీత పడితే అదే కొత్త సందు అవుతుంది. మట్టసంగా ఉందో లేదో స్టీలు స్కేలు నిలబెట్టి, కింద వెలుతురు కనపడుతుందేమో చూశాడు. కొత్త ప్యాకింగు పొడిగానే వేశాడు. "పేస్టు పూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా" అని మాలో ఒకరంటే, "పూయమని పుస్తకంలో ఉంటేనే పూయాల. ఎక్కువైంది లోపలికి పోతాది" అన్నాడు. నట్లు నడుమనుంచి మొదలుపెట్టి ఇటొకటి అటొకటిగా, మూడు విడతల్లో బిగించాడు. ఒక కొసనుంచి బిగించుకుంటూ పోతే రెండో కొస లేస్తుంది. ఎంత బిగువు ఉండాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్ని కొలిచే టార్క్ పానా అతని దగ్గర లేదు. అందుకని చెయ్యి ఆపి బిగించి, మరునాడే పత్తికొండలో టార్క్ పానా ఉన్నచోట సరిచూపించాడు. కొన్ని బండ్లలో కూలెంటు నీళ్లు కూడా మేనిఫోల్డు గుండా పోతాయి. అలాంటి వాటిలో ముందు ఆ నీళ్లు దించాలి.

ప్యాకింగుకు రెండు వందలు కూడా కాలేదు. తాళం తిప్పితే ఇంజను నిలకడగా పలికింది. యాక్సిలరేటరు మీద కాలు లేకుండా పావుగంట నడిచింది. ఆ పావుగంటా వేపచెట్టు కింద ఎవరం మాట్లాడలేదు. అమ్మే మాట మళ్లీ రాలేదు.

ఈ కబురు కడప వైపున్న మా చుట్టాలకు చేరింది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనులకు కూలీలను చేరవేసే డీజిలు జీపు వాళ్లకుంది. "మా జీపుకు అట్లాంటిదేమీ లేదు, గడియారం లెక్క నడుస్తాంది. నూనె మాత్రం తాగుతాంది" అన్నారు. మా కుర్రాడు పోయి చూసి వచ్చాడు. ఫిల్టరుకూ మేనిఫోల్డుకూ నడుమ రబ్బరు పైపు పగిలి ఉంది. పాత డీజిలు ఇంజను గాలిని కొలుచుకొని తీసుకోదు, దొరికినంత పీలుస్తుంది. అందుకే దొంగగాలి వచ్చినా తూగదు, ఆగదు, ఏ సైగా చేయదు. అయితే ఫిల్టరు దాటాక దూరే గాలి వడకట్టని గాలి. గనుల దారిలో ఆ గాలి నిండా రాతిదుమ్ము. అది నూనెతో కలిసి ఎమరీ కాగితంలా రింగులనూ లైనర్లనూ అరగదీస్తుంది. జీపు నూనె తాగడానికి కారణం అదే. పెట్రోలు బండి అరిచి చెబుతుంది, డీజిలు బండి చెప్పకుండా అరిగిపోతుంది. రాయలసీమ దుమ్ములో బండి తోలేవాళ్లు ఫిల్టరు మార్చడంతో ఆగకుండా, ఫిల్టరు తర్వాతి పైపును వేలితో తడిమి చూడాలి. బ్రేకు బూస్టరున్న పెట్రోలు బండ్లలో ఇంకో జాగ్రత్త. బూస్టరు బలం ఆ మేనిఫోల్డు పీల్పునుంచే వస్తుంది. ఆ పైపు పగిలితే ఇంజను తూగడంతో పాటు బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. ఘాటు దిగేటప్పుడు అది ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త బండ్లలో కంప్యూటరు ఉంటుంది. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడితే చాలా బండ్లలో పి0171 అనే అంకె చూపిస్తుంది. ఆ అంకె మిశ్రమం పలచగా ఉందని మాత్రమే చెబుతుంది, సందు ఎక్కడుందో చెప్పదు. అంకె చూసి సెన్సరు మార్చేవాళ్లు రేపటి షెడ్లలోనూ ఉంటారు. అప్పుడు కూడా పైపు చెవికి పెట్టి వినేవాడే కావాలి.

సార్లకూ, మేడమ్‌లకూ ఒక మనవి. మా బడి సారు ఈ సంగతి విని తొమ్మిదో తరగతి పిల్లలను వ్యాను దగ్గరికి తోలుకొచ్చారు. సూది లేని సిరంజి మూతిని వేలితో మూసి, వెనక్కి లాగమన్నారు. వదిలితే పిస్టను తనంతట వెనక్కి పోయింది. బయటి గాలే దాన్ని తోసిందని పిల్లలే చెప్పారు. 1650ల్లో జర్మనీలో ఒట్టో ఫాన్ గెరికె రెండు లోహపు అర్ధగోళాలను కలిపి లోపలి గాలి లాగేస్తే, రెండు పక్కలా గుర్రాలను కట్టి లాగినా అవి విడిపోలేదని సారు చెప్పారు. గాలికి అంత బలముందని విన్న పిల్లలు రబ్బరు పైపులో ఆ బుసను తలచుకున్నారు. పీడనం పాఠం హైస్కూలు పుస్తకంలో ఉంది. ఆ పాఠంలో తప్పిన కుర్రాడే ఆ పాఠంతో వ్యానును బతికించాడు. అతనికి పీడనం తెలియక కాదు, తెలిసిన దానికి పుస్తకంలో ఏ పేరుందో ఎవరూ కలిపి చూపలేదు. పంక్చరు అంగట్లో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ వెతకడం మన పిల్లలందరూ చూశారు. పాఠం అక్కడినుంచి మొదలైతే తప్పేవాళ్లు తగ్గుతారు.

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కూడా ఒక మాట. షెడ్డులో తాండా పిల్లలంటే పానా అందించేవాళ్లు, ఇంజను కడిగేవాళ్లు అనే చూపు ఉంది. నాలుగేళ్లు చేసినా మేస్త్రీ అనిపించుకోరు, చేతిలో కాగితం ఉండదు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ అనే రెండేళ్ల కోర్సుంది, పదో తరగతి పాసై ఉండాలి. ముందే పని నేర్చినవాళ్ల పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మా కుర్రాడు సైన్సు పరీక్షకు మళ్లీ కట్టాడు, పాసయ్యాడు, ఐటీఐలో చేరాడు. ఆడపిల్లలు ఈ పనికి రారని ఎవరన్నా అంటే నమ్మవద్దు. ఆ రోజు పైపులో బుసను అందరికన్నా ముందు పట్టింది మా తాండాలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి.

ఇప్పుడు వ్యానులో ఒక నోటుపుస్తకం ఉంటుంది. బండి తోలినవాళ్లెవరైనా చూసింది, విన్నది అందులో రాయాలి. ఏ చప్పుడు, ఎప్పుడు, వేడిలోనా చల్లలోనా, ఎంత దూరం పోయాక, ప్లగ్గు ఏ రంగులో ఉంది, ఏ పైపు మార్చారు, ఎంతయింది. రాయడం రానివాళ్లు చెబితే పిల్లలు రాస్తారు. ఏ షెడ్డుకు పోయినా ముందు ఆ పుస్తకం తీసి మేస్త్రీ ముందర పెడతాము. ఏది మార్చబోతున్నారో, ఎందుకు మార్చాలో అడిగి, ఆ జవాబు కూడా అందులోనే రాసుకుంటాము.